చారల ఆకులు - కొమ్మ ముక్కలు

మనీప్లాంటు చూడని వాళ్లు మీలో ఉండరు. వసారాలో వేలాడుతూనో, కిటికీలో సీసా నీళ్లలోనో, బ్యాంకులో గుమాస్తా బల్ల పక్కనో ఎక్కడో ఒకచోట కనిపిస్తూనే ఉంటుంది. హృదయాకారపు ఆకులు, ఆకుపచ్చ మీద లేత పసుపు చారలు, మరకలు. ఒక కొమ్మ తుంచి నీళ్లలో పెడితే చాలు, బతుకుతుంది. ఇంత తేలికగా బతికే మొక్క గురించి పాఠం దేనికి అని మీకు అనిపించవచ్చు. అయితే ఈ ప్రశ్నకు జవాబు ఆలోచించండి. మీ స్నేహితుని ఇంట్లో మంచి చారలున్న మనీప్లాంటు చూసి, ఒక కొమ్మ అడిగి తెచ్చి పెట్టారు. అది బతికింది, తీగ సాగింది. కాని కొత్తగా వచ్చే ఆకులన్నీ ఒట్టి ఆకుపచ్చగా వస్తున్నాయి. చారలు ఏమయ్యాయి?

మా తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఇదే అడిగింది. "మాష్టారూ, నీళ్లు తక్కువయ్యాయా, ఎండ తక్కువయ్యిందా?" అని. వెనక బెంచీలోంచి ఒకడు, "దొంగతనంగా తేలేదు, అందుకే!" అన్నాడు. మనీప్లాంటును అడగకుండా తెచ్చుకుంటేనే కలిసివస్తుందని ఒక నమ్మకం ఉన్నది కదా. అడిగి తెచ్చారో అడక్కుండా తెచ్చారో మొక్కకు పట్టదు. కొమ్మను ఏ కణుపు దగ్గర కోశారు, ఆ కణుపులోని మొగ్గ ఏ చార మీద ఉన్నది అన్నదే దానికి పట్టే సంగతి. ఆ అమ్మాయికి చెప్పిన జవాబునే ఇక్కడ కొంచెం విపులంగా రాస్తున్నాను.

పసుపు చోట ఏమి లేదు?

ఆకు ఆకుపచ్చగా ఉండటానికి కారణం పత్రహరితమని మీకు తెలుసు. ఆకు లోపలి కణాలలో హరితరేణువులు అనే చిన్న చిన్న బిళ్లల వంటి భాగాలు ఉంటాయి. పత్రహరితం వాటిలో ఉంటుంది. మనీప్లాంటు ఆకులో పసుపుగానో తెల్లగానో కనిపించే చోట కణాలు ఉన్నాయి, నీరు ఉన్నది, ఈనెలు ఉన్నాయి. లేనిదల్లా సరిగా ఎదిగిన హరితరేణువులే. అందువల్ల ఆ భాగం సూర్యకాంతిని ఉపయోగించుకుని పిండిపదార్థం తయారు చేయలేదు. పక్కనున్న ఆకుపచ్చ భాగం వండి పెడితే తిని బతుకుతుంది.

దీనికి రుజువు మీ పాఠ్యపుస్తకంలోనే ఉంది. చారల మొక్కను మూడు రోజులు చీకటి గదిలో ఉంచుతారు. ఆకులో నిలువ ఉన్న పిండిపదార్థం అంతా ఖర్చయిపోతుంది. తర్వాత ఆరు గంటలపాటు ఎండలో ఉంచి, ఒక ఆకు కోసి, అందులో ఆకుపచ్చ భాగాలు ఎక్కడెక్కడ ఉన్నాయో కాగితం మీద గీసుకుంటారు. ఆకును నీటిలో మరిగించి, ఆపైన ఆల్కహాలులో ఉడికించి రంగు తీసేసి, అయోడిన్ చుక్కలు వేస్తారు. మీరు గీసుకున్న బొమ్మలో ఆకుపచ్చగా ఉన్నచోటే నీలినలుపు రంగు వస్తుంది. చారలు చారలుగానే మిగిలిపోతాయి. (ఆల్కహాలు ఉన్న పాత్రను నేరుగా మంట మీద పెట్టకూడదు. దానిని నీళ్ల గిన్నెలో ఉంచి వేడి చేయాలి. ఈ ప్రయోగం ఉపాధ్యాయుని ఎదుటనే చేయండి.)

ఇదే ప్రయోగం ఎర్రటి క్రోటన్ ఆకుతో చేస్తే కొందరు తికమక పడతారు. ఆకు ఎర్రగా ఉన్నా నీలినలుపు వస్తుంది! ఎరుపు అంటే పత్రహరితం లేదని కాదు. ఎర్రని వర్ణకం కింద ఆకుపచ్చ దాగి ఉండవచ్చు. ఎర్ర తోటకూర ఉడికించేటప్పుడు అమ్మ పక్కన నిలబడి చూడండి. ఎరుపు నీళ్లలోకి దిగిపోతుంది, అడుగున ఉన్న ఆకుపచ్చ బయటపడుతుంది. తోటకూరలోని ఎరుపు, క్రోటన్‌లోని ఎరుపు రసాయనికంగా వేరువేరు. కాని దాచిపెట్టే పనిలో రెండూ ఒకటే.

అన్ని చారలూ ఒక రకం కావు

ఆకు మీద రెండు రంగులు కనిపించగానే అన్నిటికీ కారణం ఒకటే అనుకోకూడదు. కోలియస్, క్రోటన్ వంటి చాలా మొక్కలలో ప్రతి కణంలోనూ ఒకే రకమైన జన్యువులు ఉంటాయి. ఈనె పక్కన ఒక రంగు, అంచున మరొక రంగు రావాలన్న ఆదేశం ఆ జన్యువులలోనే ఉంటుంది. చీర నేసేటప్పుడే అంచు వేరుగా నేసినట్లు అన్నమాట. ఇటువంటి మొక్క నుంచి ఏ కొమ్మ తీసినా అదే నమూనా తిరిగి వస్తుంది. పైలియా అనే చిన్న కుండీ మొక్కలో ఆకుల మీద వెండి మచ్చలు ఉంటాయి. అక్కడ వర్ణకానికి లోటేమీ లేదు. పైపొర కింద గాలి చిక్కుకుని వెలుతురును వెనక్కు పంపుతుంది, అంతే. బెండ చేలో ఆకుల ఈనెలు పచ్చబారి వలలా కనిపిస్తే అది అలంకారం కాదు, వైరస్ తెగులు. దానిని చూసి రైతు సంతోషించడు.

మనకు ఇప్పుడు కావలసింది వీటిలో ఏదీ కాదు. ఒకే మొక్కలో రెండు రకాల కణాలు కలిసి జీవించే సందర్భం కావాలి.

మొక్క ఎదిగేది ప్రధానంగా కొసలోని విభాజ్య కణాల వల్ల. ఒక కణం రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ఎప్పుడో ఒకసారి అలాంటి ఒక కణంలో మార్పు వస్తుంది. దీనినే ఉత్పరివర్తనం అంటారు. ఆ మార్పు వల్ల హరితరేణువులు సరిగా తయారుకావు అనుకోండి. ఆ కణం చావదు, విభజన చెందుతూనే ఉంటుంది. దాని సంతానమంతా రంగులేని కణాలే. పక్క కణం సంతానమంతా ఆకుపచ్చ కణాలు. రెండు వంశాలూ ఒకే కాండంలో, ఒకే ఆకులో పక్కపక్కన ఎదుగుతాయి.

ఇట్లా రెండు రకాల కణాలతో ఏర్పడిన మొక్కకు 1907లో హాన్స్ వింక్లర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 'కైమీరా' అని పేరు పెట్టాడు. ఆయన టమాటాను, కామంచి జాతి మొక్కను అంటుకట్టి చూస్తుండగా, అంటు అతికిన చోట నుంచి ఒక పక్క ఒక మొక్క, మరొక పక్క ఇంకొక మొక్క లక్షణాలున్న చిగురు వచ్చింది. కైమీరా గ్రీకు పురాణాలలోని జంతువు. దానికి ముందు సింహం, మధ్య మేక, వెనక పాము. మన గుడి స్తంభాల మీద సింహపు ఒంటికి ఏనుగు తొండం ఉన్న యాళిని చూసి ఉంటారు. అదీ ఇటువంటిదే. వింక్లర్ మన ప్రాంతం వాడై ఉంటే యాళి అనే పేరు పెట్టి ఉండేవాడేమో!

1909లో ఎర్విన్ బౌర్ అనే మరో జర్మన్ శాస్త్రజ్ఞుడు తెల్ల అంచు ఆకులున్న పెలార్గోనియం మొక్కలను పరిశీలించి, చిగురు కొసలో కణాలు ఒకదాని మీద ఒకటి పొరలుగా ఉంటాయనీ, ఒక పొర రంగులేని కణాలది, మరొకటి ఆకుపచ్చ కణాలది కావచ్చుననీ వివరించాడు. ఆకు అంచులో ఉండే కణజాలం పై పొరల నుంచి వస్తుంది. మధ్య భాగంలోకి లోపలి పొర కూడా చేరుతుంది. పై పొర రంగులేనిదయితే అంచు తెల్లగా, నడుమ ఆకుపచ్చగా కనిపిస్తుంది. చేతికి తొడుగు వేసుకున్నట్లు ఒక వంశం మరొక వంశాన్ని కప్పి ఉంటుంది. నర్సరీలలో కనిపించే తెల్ల అంచుల అలంకార మొక్కలలో చాలా వాటి కథ ఇదే. మనీప్లాంటులో మాత్రం అంచు, నడుమ అనే వరస ఉండదు. రెండు రంగులూ చారలుగా కలగలిసి ఉంటాయి. కాండాన్ని దగ్గరగా చూడండి. ఆకుపచ్చ కాండం మీద కూడా సన్నటి పసుపు గీతలు పొడవునా సాగి ఉంటాయి. ఈ గీతలను గుర్తు పెట్టుకోండి. తర్వాత వీటితో పని ఉన్నది.

విత్తనం వేస్తే సరిపోదా?

చంద్రకాంత పూలు మీకు తెలుసు. సాయంత్రం వేళ విచ్చుకుంటాయి, ఎండిన తర్వాత నల్లటి గుండ్రని గింజ దొరుకుతుంది. ఈ చంద్రకాంతలో చారల ఆకులున్న ఒక రకం ఉన్నది. 1900లో మెండెల్ సూత్రాలను తిరిగి వెలుగులోకి తెచ్చిన ముగ్గురిలో ఒకడైన కార్ల్ కారెన్స్ ఈ మొక్కతో ప్రయోగాలు చేసి 1909లో ప్రచురించాడు. ఒకే మొక్క మీద కొన్ని కొమ్మలు పూర్తిగా ఆకుపచ్చ, కొన్ని పూర్తిగా తెలుపు, కొన్ని చారలవి ఉండేవి. ఆయన ఒక్కొక్క రకం కొమ్మ మీది పూలకు మిగతా రకాల కొమ్మల పుప్పొడి అద్ది, విత్తనాలు విడివిడిగా వేశాడు.

ఆకుపచ్చ కొమ్మ మీద కాసిన విత్తనాల నుంచి ఆకుపచ్చ మొలకలే వచ్చాయి. తెల్ల కొమ్మ మీది విత్తనాల నుంచి తెల్ల మొలకలు వచ్చాయి. అవి విత్తనంలోని ఆహారం ఉన్నంత కాలమే బతికాయి. చారల కొమ్మ మీది విత్తనాల నుంచి మూడు రకాలూ వచ్చాయి. పుప్పొడి ఏ కొమ్మది అన్నది ఏమాత్రం లెక్కలోకి రాలేదు! తల్లి కొమ్మ ఎటువంటిదో పిల్ల అటువంటిది. కారణం ఏమిటంటే, చంద్రకాంతలో హరితరేణువులు పిల్ల మొక్కకు అండకణం ద్వారానే చేరతాయి. పుప్పొడి వాటిని తీసుకురాదు. హరితరేణువులకు తమ సొంత జన్యుపదార్థం ఉంటుందని తర్వాత తెలిసింది.

దీనిని బట్టి మనకు తెలిసేది ఏమిటి? చారల మొక్కకు విత్తనం మీద నమ్మకం పెట్టుకోవడానికి వీలులేదు. విత్తనం మొదలయ్యేది ఒక్క కణం నుంచి. రెండు వంశాలు కలిసి కట్టిన ఇంటిని ఒక్క కణంలో పెట్టి పంపడం కుదరదు. ఈ రోజుల్లో అంతర్జాలంలో 'రంగురంగుల చారల మొక్కల విత్తనాలు' అని పొట్లాలు అమ్ముతున్నారు. అటువంటివి కొనేముందు చంద్రకాంతను తలచుకోండి.

మనీప్లాంటు విషయంలో విత్తనం అన్న మాటే లేదు. దీని శాస్త్రీయ నామం ఎపిప్రెమ్నం ఆరియం. పాత పుస్తకాలలో పోథాస్ అనీ, సిండాప్సస్ అనీ కూడా ఉంటుంది. పసిఫిక్ మహాసముద్రంలోని సొసైటీ దీవులలో మూరెయా దీని పుట్టిల్లు. ఇది పూయడం మహా అరుదు. 2016లో వెలువడిన ఒక పరిశోధన దీనికి కారణం చెప్పింది: పూతకు అవసరమైన జిబ్బరెల్లిన్ అనే హార్మోను తయారీకి కావలసిన ఒక జన్యువు ఈ మొక్కలో పనిచేయడం లేదు. ఆ హార్మోనును బయటి నుంచి చల్లితే పూసింది. అంటే మన వసారాలలో ఉన్న మనీప్లాంట్లన్నీ ఎవరో ఒకరు కొమ్మ కోసి మరొకరికి ఇవ్వగా వచ్చినవే. చారలు పోయిన కొమ్మలనే అందరూ పంచుకుంటూ పోతే చారల మనీప్లాంటు మిగలదు. దానిని విత్తనంగా దాచిపెట్టిన గాదె ఎక్కడా లేదు.

కణుపులో ఏముంది?

కొమ్మ ముక్కతో మొక్కను పెంచడం మనకు కొత్త కాదు. రైతు చెరకు ముచ్చెలు నాటుతాడు. చిలగడదుంప తీగలు, తమలపాకు తీగలు ముక్కలుగానే నాటుతారు. మునగ కొమ్మ విరిగి పడితే గట్టు మీద పాతుతారు. వీటన్నిటిలోనూ ఒక నియమం ఉన్నది: ముక్కలో కనీసం ఒక కణుపు ఉండాలి. చెరకు ముచ్చెలో 'కన్ను' ఉందో లేదో చూసి నాటడం మీరు ఎరిగిందే.

కణుపు దగ్గర, ఆకు కాడకు కాండానికి నడుమ ఉండే మూలను గ్రీవం అంటారు. అక్కడ ఒక చిన్న మొగ్గ నిద్రపోతూ ఉంటుంది. ఇది గ్రీవపు మొగ్గ. కొస చిగురు ఉన్నంత కాలం అది పంపే ఆక్సిన్ అనే హార్మోను ప్రభావం వల్ల ఈ మొగ్గ లేవదు. కొమ్మను కోసి వేరు చేయగానే ఆ అదుపు తొలగి మొగ్గ చిగురిస్తుంది. ఆ చిగురే మీ కొత్త తీగ.

ఇప్పుడు అసలు విషయం. గ్రీవపు మొగ్గ మీరు కొమ్మ కోసిన తర్వాత పుట్టింది కాదు. తల్లి కొమ్మ ఎదిగేటప్పుడే, దాని కణాలతోనే ఏర్పడి సిద్ధంగా ఉన్నది. పొరల వరస ఉంటే ఆ వరసతోనే ఏర్పడింది. చారల మీద ఉంటే ఆ చారల కణాలను కలుపుకుని ఏర్పడింది. అందుకే కాండపు ముక్కతో పెంచితే చారలు నిలబడే అవకాశం ఉన్నది. అదే మొగ్గ కాండం మీద పూర్తిగా ఆకుపచ్చగా ఉన్న పక్కన ఏర్పడిందనుకోండి, దానిలో ఆకుపచ్చ కణాలే ఉంటాయి. తీగ అంతా పచ్చగా వస్తుంది. మా విద్యార్థిని తెచ్చిన కొమ్మలో ఆకు చక్కని చారలదే. కాని ఆకు కాడ మొదట, మొగ్గ ఉన్న పక్క, కాండం మీద ఒక్క పసుపు గీత కూడా లేదు.

మరి వేళ్ల మాట? కాండం నుంచి పుట్టే వేళ్లను అబ్బురపు వేళ్లు అంటారు. మనీప్లాంటు కణుపు దగ్గర గోధుమరంగు బుడిపె ఒకటి కనిపిస్తుంది. అది ముందే తయారై ఉన్న వేరు మొదలు. నీరు తగలగానే సాగుతుంది. అందుకే దీనికి వేర్ల మందులు అక్కరలేదు. ఇటువంటి బుడిపెలు లేని మొక్కలలో కోసిన చోట ఆక్సిన్ పోగుపడి, అక్కడి కణాలు మళ్లీ విభజన మొదలుపెట్టి వేళ్లుగా మారాలి. ఆక్సిన్ కొమ్మలో కొస నుంచి మొదలు వైపే ప్రయాణం చేస్తుంది. కొమ్మను తలకిందులు చేసినంత మాత్రాన అది దారి మార్చుకోదు. ఆక్సిన్ అన్న పేరే పుట్టక ముందు, 1878లో, హెర్మన్ వోఖ్టింగ్ అనే ఆయన విల్లో కొమ్మలను తలకిందులుగా వేలాడదీసి చూశాడు. పైకి ఉన్నా సరే, కొమ్మకు మొదలు అయిన వైపునే వేళ్లు ఎక్కువగా వచ్చాయి.

ఆకుతో పెంచితే ఏమవుతుంది?

చాగనార మొక్క జాతిలో ఆకుల అంచున పసుపు పట్టీ ఉండే రకాన్ని ఇళ్లలో కుండీలలో పెంచుతారు. దానిని పాము మొక్క అని కూడా అంటున్నారు. దీని ఆకును అడ్డంగా నాలుగు ముక్కలు చేసి, కింది వైపు ఇసుకలో గుచ్చితే, కొన్ని వారాలకు వేళ్లు, మరికొన్ని నెలలకు పిలకలు వస్తాయి. కాని వచ్చిన పిలకల్లో పసుపు అంచు ఉండదు! ఎందుకంటే ఆకులో గ్రీవపు మొగ్గ లేదు. కొత్త మొగ్గ ఆకు లోపలి కొద్ది కణాల నుంచి పుట్టాలి. ఆ కణాలు ఆకుపచ్చ వంశానివి. అంచు వంశపు కణాలు అందులో కలవలేదు. అదే మొక్కను నేలలోని కాండంతో సహా విడదీసి నాటండి, పసుపు అంచు చెక్కుచెదరదు. కైమీరా అంటే ఏమిటో కళ్లకు కట్టే ప్రయోగం ఇంతకంటే చవకైనది నాకు తెలియదు. ఓపిక మాత్రం కావాలి. ఆరవ తరగతిలో మొదలుపెడితే ఏడవ తరగతిలో ఫలితం చూడవచ్చు.

మనీప్లాంటు ఆకును ఒట్టి కాడతో నీళ్లలో పెట్టేవారు కూడా ఉన్నారు. ఆకు నెలల తరబడి పచ్చగా ఉంటుంది, కొన్నిసార్లు వేళ్లు కూడా వస్తాయి. చూసేవాళ్లు మొక్క బతికిందనుకుంటారు. కాని చిగురు ఎప్పటికీ రాదు, మొగ్గ లేదు గనుక.

ఇక పని మొదలుపెడదాం

తొలకరి పడిన తర్వాత, జూలై నుంచి సెప్టెంబరు దాకా మంచి కాలం. గాలిలో తేమ ఉంటుంది, ఆకులు వాడవు. వేసవిలో వేళ్లు రాకముందే ఆకుల నుంచి నీరు బాష్పోత్సేకం వల్ల పోయి కొమ్మ వాలిపోతుంది.

తల్లి తీగను వెలుతురులో పట్టుకుని కణుపు కణుపూ చూడండి. ఆకు కాడ మొదట, మొగ్గ ఉండే చోట కాండం మీద పసుపు గీత, ఆకుపచ్చ గీత రెండూ ఉన్న కణుపును ఎంచుకోండి. తెలుపు ఎక్కువగా ఉంటే అందమని మురిసిపోయి పూర్తి తెల్ల కొమ్మను ఎంచుకోవద్దు. వేళ్లు పుట్టడానికి ఆహారం కావాలి, అది ఆకుపచ్చ భాగమే ఇవ్వాలి. తెలుపు ఎక్కువైన ముక్క ఆలస్యంగా వేళ్లు వేస్తుంది, చాలాసార్లు కుళ్లిపోతుంది. సగం సగం ఉన్నది ఉత్తమం.

కొత్త బ్లేడును వేడినీళ్లతో కడిగి, కణుపుకు ఒక అంగుళం కింద ఒక్క కోతతో కోయండి. నొక్కి తుంచితే కణాలు నలిగి కుళ్లు చేరుతుంది. ముక్కకు ఒకటి రెండు కణుపులు, ఒక ఆకు చాలు. నీళ్లలో మునిగే ఆకు ఏదైనా ఉంటే తీసేయండి. కోసిన తర్వాత చేతులు కడుక్కోండి. కంద, చేమ ఒలిచినప్పుడు చేతులు ఎందుకు దురద పెడతాయో తెలుసా? వాటిలో కాల్షియం ఆక్జలేట్ స్ఫటికాలు సూదుల్లా ఉంటాయి. మనీప్లాంటు కూడా ఆ కుటుంబమే. దాని రసం కంట్లో, నోట్లో పడకూడదు. ఇంట్లో పాకే పాపలు ఉంటే సీసాను అందని ఎత్తులో పెట్టండి.

సీసా ముదురు రంగుదయితే మేలు. తెల్ల సీసా అయితే చుట్టూ కాగితం చుట్టండి. వెలుతురు తగిలితే నీళ్లలో నాచు పడుతుంది. ఇక నేను పదేపదే చెప్పే మాట ఒకటున్నది. మూడు నాలుగు రోజులకు ఒకసారి నీళ్లు మార్చి తీరాలి. డెంగీ జ్వరాన్ని మోసే ఈడిస్ దోమకు ఇటువంటి సీసా మంచి పురిటిగది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. ఈ దోమ గుడ్లను నీటి మట్టానికి కాస్త పైన సీసా గోడకు అంటించి పెడుతుంది. నీళ్లు పారబోసినా అవి అంటుకునే ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి బతికి ఉంటాయి. కాబట్టి సీసా లోపలి గోడను పాత బ్రష్షుతో రుద్ది కడగాలి. ఈ పని చేయలేనివారు సీసా జోలికి పోకుండా నేరుగా ఇసుక, ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపిన కుండీలో గుచ్చండి. మనీప్లాంటు అందులోనూ వేళ్లు వేస్తుంది.

నీళ్లలో పెట్టినవాటికి రెండు మూడు వారాలలో వేళ్లు కనిపిస్తాయి. ఒకటి రెండు అంగుళాల పొడవు రాగానే మట్టిలోకి మార్చండి. నీళ్లలో పెరిగిన వేళ్లు పెళుసుగా ఉంటాయి, మరీ పొడవు పెరిగే దాకా ఆగితే మార్చేటప్పుడు విరుగుతాయి. మార్చిన మొదటి వారం మట్టి తడి ఆరనివ్వకండి. నేరుగా ఎండ తగలని, వెలుతురు బాగా ఉన్నచోట ఉంచండి.

కొత్త తీగలో ఎక్కడైనా ఒక కొమ్మ పూర్తి ఆకుపచ్చగా మారితే దానిని వెనక్కు, చారలున్న కణుపు దాకా కత్తిరించాలి. జాలి పడవద్దు. ఆకుపచ్చ కొమ్మకు ఆహారం ఎక్కువ, అది వేగంగా పెరిగి చారల కొమ్మను మించిపోతుంది. చీకటి గదిలో ఉన్న మొక్కలో ఈ పోటీ మరింత ఏకపక్షం. అక్కడ ఉన్న కొద్ది వెలుతురును సగం ఆకు మాత్రమే వాడుకోగలది ఎలా గెలుస్తుంది?

క్రోటన్ మొక్కను కొమ్మ ముక్కతో పెంచాలంటే కొంచెం శ్రమ ఎక్కువ. దాని కాండం కర్ర బారుతుంది. జానెడు పొడవు కొస కొమ్మ తీసుకుని, కింది ఆకులు తీసేసి, పై ఆకులను సగానికి కత్తిరించి, తడి ఇసుకలో గుచ్చి పాలిథిన్ సంచి కప్పాలి. నర్సరీలలో అయితే మొదలుకు ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లం అనే ఆక్సిన్ పొడి అద్దుతారు. గోదావరి గట్టున కడియం, కడియపులంక ప్రాంతాలకు వెళ్లే అవకాశం వస్తే అక్కడి నర్సరీలను తప్పక చూడండి. కొమ్మ ముక్కలు గుచ్చే పనివారి చేతుల వేగాన్ని కాసేపు నిలబడి గమనించండి. ఏ ముక్క ఎటు తలకిందులో వాళ్ల వేళ్లకే తెలుస్తుంది.

తరగతిలో చేయదగిన ప్రయోగం

నలుగురు విద్యార్థులు కలిసి ఇరవై ముక్కలు సిద్ధం చేసుకోండి. ఒక్కొక్క రకానికి నాలుగు. మొదటి రకం: మొగ్గ దగ్గర చారలున్న కణుపు ముక్క. రెండోది: మొగ్గ దగ్గర పూర్తి ఆకుపచ్చగా ఉన్న కణుపు ముక్క. ఈ రెండో రకంలో ఆకు మీద చారలు ఉండాలి సుమా, అదే ఇందులోని పరీక్ష. మూడోది: కణుపు లేని, రెండు కణుపుల నడిమి కాండం. నాలుగోది: ఆకు, కాడ మాత్రమే. ఐదోది: రెండు కణుపుల ముక్క, కాని తలకిందులుగా. ఒక్కొక్క రకానికి నాలుగు ఎందుకంటే, ఒక్క ముక్క చస్తే అది రకం వల్లనా, మీ బ్లేడు మురికి వల్లనా తేల్చుకోలేరు.

సీసాలన్నీ ఒకే కిటికీలో పెట్టండి. నోటుపుస్తకంలో ఐదు నిలువు గడులు గీసి వారానికి ఒకసారి రాయండి: వేళ్లు వచ్చాయా, ఎన్ని, ఏ చివర నుంచి, చిగురు వచ్చిందా. మొదటి వారం ప్రారంభించే ముందే ప్రతి మొగ్గ దగ్గరి కాండం బొమ్మను రంగు పెన్సిళ్లతో గీసి పెట్టుకోవాలి. ఇది తప్పనిసరి. చిగురు వచ్చాక 'అప్పుడు ఇక్కడ చార ఉందనుకుంటా' అని చెబితే దానికి విలువ లేదు.

ఎనిమిది వారాలకు మొదటి, రెండో రకాల ముక్కల మీద రెండు మూడు కొత్త ఆకులు విచ్చుకుని ఉంటాయి. మొదటి రకంలో నాలుగూ చారలతోనే వస్తాయని హామీ ఇవ్వలేను. మొగ్గలో ఏ వంశపు కణాలు ఎన్ని చేరాయన్నది కాండం మీది గీతను చూసి ఊహించగలమే గాని లెక్కపెట్టలేము. మీ నాలుగు ముక్కల ఫలితం చూసి మాత్రమే నిర్ణయానికి రావద్దు. పక్క సెక్షను వాళ్ల నోటుపుస్తకాలు కూడా తెప్పించి, రెండు తరగతుల ముక్కలనూ కలిపి లెక్కకట్టండి.